ఐలేశం పండలేదు

రాళ్ళకుంట ఐలేశం పుట్టిన నాటి నుంచి ఈనాటి దాకా ఒక్కసారి కూడా నిద్రపోలేదు. ఈ మాట చెప్పింది ఐలేశమే. ఊళ్ళో మిగిలిన వాళ్ళెవరూ దీన్ని నమ్మరు. వాదించి గెలిచిన వాళ్ళూ లేరు. గొంగడి మీద వెల్లకిలా పడుకుని, నోరు తెరిచి, తెల్లమీసం ఊపిరికి లేచి పడుతుండగా గురక పెడుతున్న మనిషిని భుజం పట్టి కుదిపితే, ఆయన మెల్లగా కళ్ళు తెరిచి, కొంచెం నొచ్చుకున్నట్టు అనేవాడు: "నేను పండలే. కండ్లు మూసుకున్న, గంతే."

ఒకసారి పాలమూరు పోయే బస్సులో, పక్కన కూర్చున్న పెద్దమనిషి భుజం మీద తల ఆనించి జడ్చర్ల దాటాడు. ఆయన దిగబోతూ అంగీ మీది తడి తుడుచుకుని, "మంచిగ నిద్రపోయినవ్ కాకా" అన్నాడు.

"నిద్రనా? బాలానగర్‌ల ఎక్కిన ఆమె చేతిల రెండు పుంజులున్నయి. అండ్ల ఒకటి కుంటిది. పండుకున్నోనికి గివన్ని ఎరుకైతయా?"

నిజానికి ఆమె ఎక్కింది రాజాపూర్‌లో. చేతిలో ఉన్నవి పెట్టలు. రెండూ బాగానే నడుస్తాయి. అయినా ఐలేశం అంత నిబ్బరంగా చెప్పేసరికి పెద్దమనిషి తడి భుజంతోనే తప్పయిందని చెప్పి దిగిపోయాడు.

ఒగ్గు కథ వాళ్ళు వచ్చి మల్లన్న కథ చెప్పిన రాత్రి, ముందు వరసలో కూర్చుని డోలు దెబ్బకు గురక కలిపాడు. ఎవరో లేపబోతే కథ చెప్పేవాడే ఆపాడు: "ఉండనియ్యిండ్రి. మా డోలాయనకంటే తాళం మంచిగున్నది."

ఆయన కోడలు త్రివేణి పెళ్ళి ఆల్బంలో నలభై ఫొటోలున్నాయి. ముప్పై ఒక్క ఫొటోలో మామ కళ్ళు మూసుకునే ఉన్నాడు. మిగిలిన తొమ్మిదింటిలో ఆయన లేడు.

త్రివేణి ఆ ఇంటికి వచ్చి మూడేళ్ళయింది. షాద్‌నగర్ దగ్గర మందుగోళీలు డబ్బాల్లోకెత్తే కంపెనీలో నౌకరీ. ఆ ఇంట్లో అంతకుముందు పుట్టినవాళ్ళూ వచ్చినవాళ్ళూ అందరూ గొర్రెల వెంట నడిచినవాళ్ళే. భర్త పరమేష్ కూడా గొర్రెలను వ్యానులో హైదరాబాదు చేరవేస్తాడు. వారంలో నాలుగు రాత్రులు దారి మీదే. కాబట్టి మెడలో ఫొటో ఉన్న కార్డు వేసుకుని ఇంట్లోంచి బయలుదేరిన మొదటి మనిషి త్రివేణి. ఆ కార్డును ఆమె రోజూ కొంగుతో తుడిచేది. తుడవాల్సినంత దుమ్ము దాని మీద ఎప్పుడూ ఉండేది కాదు.

నెలలో రెండు వారాలు ఆమెకు రెండో షిఫ్టు. అది పదకొండింటికి అయిపోయేది. ఏడు ఊళ్ళ ఆడపిల్లలను దించుకుంటూ కంపెనీ వ్యాను రాళ్ళకుంట చేరేసరికి పన్నెండున్నర దాటేది. ఇంటికి పాతకాలపు తలుపు. తాళం లేదు, లోపల అడ్డగడియ మాత్రమే. మొదటి రాత్రి ఆమె తలుపు మీద చెయ్యి పెట్టి, కొట్టాలా వద్దా అని చాలాసేపు నిలబడింది. వెన్నెల్లో గుట్ట మీది బండలు పడుకున్న మంద లాగా ఉన్నాయి. ఊరంతా నిద్రలో ఉంది. ఇంత నిద్రను తన ఒక్క వేలితో ఎట్లా పగలగొట్టడం? చివరికి గోటితో ఒక్కసారి గీరింది.

వెంటనే గడియ తీసిన చప్పుడైంది. మామ నిలబడి ఉన్నాడు.

"లేపిన్నా మామా?"

"లేపేటందుకు పండుకుంటె కద బిడ్డా! కండ్లు మూసుకున్న, గంతే. రా, కాళ్ళు కడుక్కో."

ఆయన ఎడమ చెంప మీద నులకమంచం అల్లిక అచ్చు మొత్తం దిగి ఉంది. త్రివేణి దాన్ని చూసింది కానీ, అలసటలో దాని గురించి ఆలోచించలేదు. రెండో రోజు నుంచి ధైర్యంగానే తలుపు కొట్టింది. ఆమే కాదు, ఊళ్ళో ఎవరి గొర్రె ఈనలేక కష్టపడినా, ఎవరి పిల్లకు జ్వరం ముదిరినా, ఆ వేళప్పుడు అందరూ కొట్టేది ఆ తలుపే. ఐలేశం ఎట్లాగూ పండడు కదా అని.

ఇట్లా ఏ చిక్కూ లేకుండా సాగిపోతున్న ఈ అబద్ధం ఒకరోజు దవాఖానకు పోయింది.

ఐలేశానికి బీపీ వచ్చింది. గోళీలు వేసుకుంటున్నా తగ్గలేదు. మహబూబ్‌నగర్‌లో డాక్టరమ్మ దగ్గరికి అత్తా కోడలు ఇద్దరూ ఆయన్ను తీసుకుపోయారు. డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంటూ అడిగింది.

"రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతరు?"

"నేను పండుకోను మేడం."

కలం ఆగింది. "అంటే, నిద్ర పడుతలేదా?"

"అది పట్టకపోవుడు కాదు. నేనే పట్టనియ్య."

అత్త సోమమ్మ ఇక ఉండలేకపోయింది. "గాయన మాట రాయకుండ్రి మేడం. గీ మనిషి గురకకు మా పిల్లి ఇల్లిడిసి పోయింది."

"పిల్లి ఎలుకల కోసం పోయింది."

"ఎలుకలు దానికంటె ముందే పోయినయి. గదే గురకకు."

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఒకరి మాట ప్రకారం ఈయనకు నిద్రగోళీ రాయాలి. ఇంకొకరి మాట ప్రకారం రాయకూడదు. "ఇప్పుడు నిద్రను కొలిచే మిషన్లు వచ్చినయి. ఒకటి కొనుక్కొని, రెండు వారాలు పెట్టుకొని, ఆ లెక్క నాకు చూపెట్టుండ్రి. నిద్ర సరిగ్గ లేకుంటె బీపీ తగ్గది. మధ్యల నిద్ర చెడగొట్టే పని ఏదన్న ఉంటె, అది మాన్పియ్యాలె."

ఆ మాట ఆమె ముగ్గురికీ చెప్పింది. విన్నది మాత్రం త్రివేణి ఒక్కతే.

ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ అత్తతో అనేసింది. "అత్తమ్మా, నేనొచ్చి తలుపు కొట్టుడు వల్లనే మామ నిద్ర చెడుతాందని లెక్కల తేలితే, నేను షాద్‌నగర్‌ల హాస్టల్ చూసుకుంట. ఆడ కుదరకుంటె నౌకరి ఇడిసిపెడ్త."

"ఇడిసిపెడ్తవా?" సోమమ్మ చేతిలో బొగ్గుపొడి అట్లాగే ఉండిపోయింది. "గా కార్డు మెడలేసుకొని నువ్వు పోతుంటె చూసేటందుకు నేను రోజు పనులన్ని ఇడిసిపెట్టి వాకిట్లకు వస్త. తెలుసా?"

పక్కన నులకమంచం మీద ఐలేశం గురక ఒక్క క్షణం ఆగింది. తర్వాత మునుపటికంటే గట్టిగా, కొంచెం ఎక్కువ శ్రద్ధగా మొదలైంది. ఆ తేడా త్రివేణికి అప్పుడు తట్టలేదు.

మిషన్ ఎంచే పని కోడలి మీద పడింది. కానీ ఎంచడం అనే విద్యలో ఐలేశానికి నలభై ఏళ్ళ అనుభవం ఉంది. ఆయన ఎంచి తెచ్చిన పొట్టేలు ఇంతవరకు చెడిపోలేదు. పళ్ళు చూడాలి, వెన్ను తడమాలి, నాలుగడుగులు నడిపించాలి, మూడు రోజులు మన మందలో ఉంచి చూడాలి, ఆ తర్వాతే బేరం. ప్రపంచంలో ఏ వస్తువునైనా ఇట్లాగే కొనాలని ఆయన నమ్మకం. చెప్పులు కూడా అట్లాగే కొంటాడు.

షాద్‌నగర్ మెయిన్‌రోడ్డులో నవీన్‌కుమార్ అనే యువకుడి సెల్‌ఫోన్ దుకాణం ఉంది. అతను నల్లటి చేతిగడియారం ఒకటి అద్దం మీద పెట్టాడు. ఐలేశం దాన్ని తిప్పి చూశాడు, వాసన చూశాడు, వీపు తడిమాడు. వీపు మీద పచ్చలైటు మిణుకుమంది.

"ఎన్ని పండ్లది?"

నవీన్‌కుమార్ త్రివేణి వైపు చూశాడు. "వయసు అడుగుతుండు అన్నా" అంది త్రివేణి, ఎటో చూస్తూ.

"కొత్తది పెద్దాయనా. పోయిన నెలనే వచ్చింది."

"అంటె ఇంక పాలపండ్లే ఊడలే. గీ పసిదానికి నిద్ర గురించి ఏమెరుక?"

నవీన్‌కుమార్ గడియారం పక్కన పెట్టి ఉంగరం తీశాడు. వేలికి పెట్టుకుంటే చాలు, నిద్రంతా అదే చూసుకుంటుందని చెప్పాడు. దుకాణంలోని అన్నిటికంటే పెద్ద ఉంగరం ఐలేశం వేలి కణుపు దాకా పోయి అక్కడ ఆగింది. ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు. పక్క హోటలు నుంచి సబ్బు తెప్పించి, అరగంట తర్వాత బయటికి తీశారు. "ఇది నిద్రను కొలువది, వేలిని పడ్తది" అని ఐలేశం తీర్పు చెప్పాడు.

మూడోది పక్క కింద పరిచే పలుచని పట్టీ. దాని మీద పడుకుంటే గుండె చప్పుడు కూడా వింటుందట.

"నా మంచం కింద మా కుక్క పంటది. గిది ఇద్దరి లెక్క కలిపి రాస్తె, డాక్టరమ్మ నా గోళీ కుక్కకు రాస్తది. వద్దు. గా పాలపండ్లదే తే."

ఇక బేరం. ఐలేశం భుజం మీది తువ్వాలు తీసి నవీన్‌కుమార్ చేతి మీద కప్పి, కింద నుంచి అతని వేళ్ళు పట్టుకున్నాడు. సంతలో పొట్టేలు బేరం అట్లాగే చేస్తారు. ఏ వేలు నొక్కితే ఎంతో కొనేవాడికీ అమ్మేవాడికీ తప్ప చూసేవాళ్ళకు తెలియకూడదు. ఇక్కడ అమ్మేవాడికి కూడా తెలియలేదు. దుకాణం నిండా జనం. ముసలాయన తువ్వాలు కింద తన చెయ్యి పట్టుకుని కళ్ళలోకి చూస్తున్నాడు. సిగ్గుకొద్దీ నవీన్‌కుమార్ తల ఊపాడు. ఆ ఊపుతో తాను ఎంతకు ఒప్పుకున్నాడో అతనికి చాలాసేపటికి గాని అర్థం కాలేదు.

"మూడు రోజులు నా కాడ ఉంచుకొని చూస్త. మంచిగ లేకుంటె నీ సరుకు నీకే" అని గడియారం తువ్వాలులో మూటగట్టుకున్నాడు ఐలేశం.

ఇంటికి రాగానే దాన్ని తన చేతికి కాకుండా పొట్టేలు ముందరి కాలికి కట్టాడు.

ఆ పొట్టేలు పేరు కండక్టర్. అది ఎప్పుడూ మంద ముందు నడవదు. వెనక నిలబడి, అందరినీ ముందుకు జరిపి, చివరికి తాను కదులుతుంది. గడియారం పట్టీ దాని సన్నటి కాలికి వదులైతే, ఐలేశం సూది ఎర్రగా కాల్చి ఇంకో బెజ్జం పొడిచాడు.

"మామా! నిన్ను కొలువుమంటె పొట్టేలును కొలుస్తున్నవేంది?"

"నా నిద్ర ఎంతనో నాకు తెల్వది. అసలు లేదాయె. అసుంటప్పుడు గిది చెప్పేది నిజమో అబద్ధమో నాకెట్ల తెలుస్తది? కండక్టర్ నిద్ర నాకు కంఠపాఠం. రాత్రికి పద్దెనిమిది, పందొమ్మిది సార్లు లేస్తది. తెలిసిన నిద్రను కొలిచి చూపియ్యిమను. ఆ తర్వాత తెల్వనిది కొలుస్తది."

త్రివేణి డిగ్రీ చదువుకుంది. ఈ మాటలో తప్పెక్కడుందో వెతికింది. దొరకలేదు.

గడియారానికి కండక్టర్ నచ్చినట్టే ఉంది. కండక్టర్‌కు మాత్రం గడియారం నచ్చలేదు. పొద్దున తొమ్మిది కాకముందే అది గుయ్‌మని వణికి, పొట్టేలు గాలిలోకి ఎగిరింది. త్రివేణి ఫోనులో మాటలు మెరిశాయి: నేటి అడుగుల లక్ష్యం చేరుకున్నారు, అభినందనలు. మధ్యాహ్నం నీడలో పడుకుని నెమరు వేస్తుంటే మళ్ళీ వణికింది: చాలాసేపటి నుంచి కూర్చునే ఉన్నారు, లేచి కాస్త నడవండి. కండక్టర్ లేచి దొడ్డి చుట్టూ మూడుసార్లు పరిగెత్తింది. మూడు రోజులైనాక త్రివేణి నిద్ర లెక్క చదివి వినిపించింది. రాత్రికి పద్దెనిమిది సార్లు, పందొమ్మిది సార్లు, మళ్ళీ పద్దెనిమిది.

"గిది అబద్ధమాడది" అన్నాడు ఐలేశం. మంచి సరుకు దొరికిన సంతోషం ఆయన గొంతులో లేదు. దొంగ ఇంటి ముందు పోలీసు చౌకీ కట్టినట్టుంది.

ఆ రోజు నుంచి అసలు లెక్క మొదలైంది. రోజూ తెల్లారగానే మామ గడియారం తెచ్చి కోడలి చేతిలో పెట్టేవాడు. ఆమె దాన్ని ఫోనులోకి ఎక్కించేది. మొదటి రోజే ఆమె లెక్కను రెండుసార్లు చదివింది. మూడు గంటల నలభై నిమిషాల నిద్ర, అదీ ముక్కలు ముక్కలుగా. రెండో రోజూ అంతే. ఆ వారమంతా అంతే.

ఐలేశం మాత్రం జొన్నరొట్టెలో మామిడికాయ తొక్కు దండిగా పెట్టుకుని తింటూ, ఉత్సాహంగా ఉన్నాడు. "చూసినవా బిడ్డా? నువ్వు రాకముందు ఎనిమిదిసార్లు లేసిన, నువ్వొచ్చినంక పదిసార్లు. నువ్వొచ్చినా రాకున్నా నేను గిట్లనే. నా నిద్రకు నీకు సంబంధమే లేదు."

త్రివేణి ఆ పద్దెనిమిదిని చూస్తోంది. ఈ మనిషి నిజంగానే నిద్రపోవడం లేదు. అట్లాంటి మనిషి చేత తాను గడియలు తీయిస్తోంది. ఆ మధ్యాహ్నం షాద్‌నగర్‌లో హాస్టల్ నడిపే జానమ్మకు ఫోను చేసింది. ఒకటో తారీఖు నుంచి ఒక మంచం ఖాళీ అవుతుందని జానమ్మ చెప్పింది. త్రివేణి సరేనంది. ఆ రోజు కార్డు తుడవలేదు.

రెండు వారాలు నిండాయి. డాక్టరమ్మ ఫోను తీసుకుని లెక్క చూసింది. కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి.

"రోజుకు ఇరవై రెండు వేల అడుగులు నడుస్తున్నరా?"

"గొర్రెలకాడ పని కద మేడం" అన్నాడు ఐలేశం.

"నిద్ర మూడున్నర గంటలేనా?"

"చెప్పలేదా మేడం, నేను పండుకోనని?"

"మంగళవారం తెల్లవారుజామున నాలుగింటికి గుండె ఒక్కసారిగ నూటయాభై కొట్టుకుంది. ఆ టైముల ఏమైంది?"

"కుక్క చొచ్చింది మేడం."

"ఎక్కడికి? మీరు పండే అర్రలకా?"

"దొడ్లెకు."

"మీరు దొడ్డిల ఉన్నరా?"

ఐలేశం ఆలోచించాడు. అరవై రెండేళ్ళలో మొదటిసారి ఒక ప్రశ్న ఆయనను పూర్తిగా మేల్కొలిపినట్టు కనిపించింది. డాక్టరమ్మ చెయ్యి చాపింది. "గడియారం ఇటియ్యుండ్రి. చెయ్యి పెట్టుండ్రి."

పట్టీ మీద ఒక పల్లేరుకాయ గుచ్చుకుని ఉంది. నాలుగు ఎర్రటి వెంట్రుకలున్నాయి. కొత్తగా పొడిచిన బెజ్జం చుట్టూ పట్టీ మడత అరిగి తెల్లబడింది. రెండు వారాలుగా పట్టీ బకిల్ ముల్లు అక్కడే కూర్చుందన్నమాట. డాక్టరమ్మ ఆ బెజ్జానికే పట్టీ బిగించబోయింది. అది ఐలేశం మణికట్టు చుట్టూ సగం దాకానే వచ్చింది.

"ఈ రెండు వారాలు నేను ఎవరి నిద్ర చదివిన?" అంది డాక్టరమ్మ.

"కండక్టర్‌ది" అంది త్రివేణి. ఆమె చూపు ఆ కొత్త బెజ్జం మీదే ఉంది.

"ఆర్టీసీల పనిచేస్తడా?"

"లేదు మేడం. పొట్టేలు."

ఐలేశం తువ్వాలు మడత విప్పి, మళ్ళీ అదే మడత పెట్టాడు. "పొట్టేలు నిద్రైతేంది, నా నిద్రైతేంది మేడం? ఇద్దరం ఒక్క మందల ఉండేటోళ్ళమే."

డాక్టరమ్మ నవ్వలేదు. చాలా కష్టపడి నవ్వలేదు. ఇంకో వారం గడియారం మనిషికే పెట్టాలనీ, కోడలే ప్రతి రాత్రీ కట్టాలనీ, షిఫ్టు ఉన్న రోజు ఆ పని అత్త చెయ్యాలనీ చెప్పి పంపింది.

బయట బల్ల మీద అత్తాకోడళ్ళను కూర్చోబెట్టి ఐలేశం చాయలు తేవడానికి పోయాడు. త్రివేణికి కోపంగా ఉంది. "నేను హాస్టల్‌కు కూడ మాట్లాడుకున్న అత్తమ్మా. నా కడుపుల ఎంత బాధుండె! మామ గిట్లెందుకు చేసిండు?"

సోమమ్మ కాసేపు దవాఖాన ఆవరణలో తిరుగుతున్న మేకను చూసింది.

"నేను కాపురానికొచ్చిన కొత్తల మన ఇంట్ల మరుగుదొడ్డి లేకుండె బిడ్డా. నాకు పదహారేండ్లు. రాత్రిపూట బయటికి పోవాలంటె ఊరవతల తుమ్మల దాక నడవాలె. భయం. అత్తను లేపితె తిడ్తది. గీయన్ను లేపుదామంటె, పగలంత గొర్రెల వెంబడి తిరిగొచ్చిన మనిషాయె. లేచి కూసొని ఏడుస్తున్న. గప్పుడు చీకట్ల నుంచి అన్నడు, 'నేను పండలే సోమీ. పా పోదాం' అని. మల్ల తెల్లారి రాత్రి గదే మాట. ఏడాది పొడుగూత గదే మాట. గీ మనిషికి అసలు నిద్రే రాదేమో, పాపం అనుకున్న నేను."

"తర్వాత?"

"తర్వాత పరమేష్ పుట్టినంక తెలిసింది. పండుకుంటె పక్కన పిడుగు పడ్డా లేవడు. గని తలుపు మీద ఎవలన్న గోరు పెట్టిండ్రా, లేస్తడు. లేపినమన్న బాధ ఎవల మనసుల ఉండొద్దని గాయన బాధ. ఊరోళ్ళు మన తలుపే ఎందుకు కొడ్తరనుకున్నవ్? నువ్వు ఆ రోజు హాస్టల్ మాట అన్నప్పుడు సుత నీ మామ గురక దొంగ గురక, అంత విన్నడు. నలభై ఏండ్ల సంది వింటున్న, నాకు తేడా తెల్వదా?"

"నీకన్ని ఎరుకైతె, గిన్నేండ్ల సంది ఆయనతోని ఎందుకు అనలే?"

"అంటె మానేస్తడని." సోమమ్మ చెంగు సర్దుకుంది. "గురక సంగతి మాత్రం నిజమే. పిల్లి నిజంగనే పోయింది."

దూరంగా ఐలేశం మూడు చాయ గ్లాసులు రెండు చేతుల మధ్య ఇరికించుకుని, ఒక్క చుక్క కూడా ఒలకకుండా నడిచి వస్తున్నాడు. అట్లా మెలకువగా నడుస్తున్న మనిషిని చూస్తే, ఎప్పుడూ నిద్రపోడేమోననే అనిపిస్తుంది.

ఆ వారం త్రివేణికి రెండో షిఫ్టే. గడియారం ఈసారి మనిషి నిద్రను రాసింది. మంచం మీద వాలిన నాలుగో నిమిషంలో నిద్ర. పన్నెండు నలభై రెండుకు మెలకువ. పన్నెండు నలభై ఐదుకు మళ్ళీ నిద్ర, అదీ లోతైన నిద్ర, తెల్లవారి అయిదున్నర దాకా. ఏడు రాత్రులూ అంతే. తలుపు తీయడానికి ఆయనకు పట్టింది మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలు ఆయన నిద్రలో ఎక్కడ పడ్డాయో కూడా గుర్తు లేదు. బావిలో చుక్క పడినట్టు.

డాక్టరమ్మ ఫోను తిరిగి ఇచ్చేసింది. "నా సర్వీసుల ఇంత మంచి నిద్ర చూడలే. మీ కోడలు రోజుకు మూడుసార్లు తలుపు కొట్టినా ఏం కాదు. ఇంతకు ఏం తింటరు మీరు?"

సోమమ్మ వెంటనే చెప్పింది. "పొద్దున తొక్కు. పగటికి తొక్కు. రాత్రికి తొక్కు. మధ్యల అన్నం తింటడు."

డాక్టరమ్మ కాగితం మీద నిద్ర అన్న మాట కొట్టేసి, ఉప్పు అని రాసింది.

ఆ సాయంత్రం త్రివేణి హాస్టల్ జానమ్మకు ఫోను చేసి మంచం వద్దని చెప్పింది. తర్వాత కార్డు తీసి తుడిచింది. ఈసారి రెండు వారాల దుమ్ము నిజంగానే ఉంది. ఐలేశం అటూ ఇటూ తచ్చాడి, గొంతు సవరించుకుని అడిగాడు.

"గింతకు గది ఏమని రాసింది బిడ్డా?"

త్రివేణి ఫోను తీసింది. తెర మీద ఏడు రాత్రులు ఏడు నీలి చెరువుల లాగా నిండుగా ఉన్నాయి. ఆమె చాలా గంభీరంగా చదివింది. "ఐలేశం, అరవై రెండేండ్లు. రాత్రికి ఏడు గంటలు కండ్లు మూసుకున్నడు. పండలేదు."

"నేను ముందు నుంచి చెప్పుతలేనా?" అన్నాడు ఐలేశం, సోమమ్మ వైపు చూస్తూ. "పాలపండ్లదైనా పనిమంతురాలు." ఆ మెచ్చుకోలుతోనే గడియారాన్ని తీసుకుపోయి మళ్ళీ కండక్టర్ కాలికి కట్టాడు. మందలో ఎవరో ఒకరి లెక్కైనా ఉండాలి కదా అన్నాడు.

తొక్కు బంద్ అయింది. ఐలేశం బీపీ దిగింది. మొహం కూడా కొన్ని రోజులు దిగే ఉంది.

తర్వాత ఒక ఆదివారం, పగలు. షిఫ్టుల వారం అలసట అంతా ఒక్కసారి మీద పడి, త్రివేణి చాప మీద ఒరిగి అట్లాగే నిద్రలోకి జారింది. కిటికీ అవతల సీతాఫలం చెట్టు నీడ ఆమె మీదికి వచ్చింది, పోయింది. ఎప్పుడో, చాలా దూరం నుంచి, ఎవరో వచ్చి నిలబడినట్టు, పోయినట్టు, మళ్ళీ వచ్చి దగ్గబోయి ఆపుకున్నట్టు అనిపించింది. కళ్ళు తెరిస్తే గడప అవతల మామ పాదాలు కనిపించాయి. అవి వెనక్కి తిరుగుతున్నాయి.

"ఏంది మామా?"

ఐలేశం తప్పు చేసినవాడి లాగా ఆగిపోయాడు. "ఏం లే బిడ్డా, ఏం లే. పండుకో. కండక్టర్ గడియారం ఊకనే వణుకుతాంది, అది దొడ్డి చుట్టు ఉరుకుతాంది. గంతే. తొందరేం లే, ఉరుకనీ. నిన్ను లేపిన్నా?"

త్రివేణి లేచి కూర్చుంది. జుట్టు ఒకవైపు రేగి ఉంది. కుడి చెంప మీద చాప అల్లిక అచ్చు మొత్తం దిగి ఉంది.

"లేపేటందుకు పండుకుంటె కద మామా!" అంది. "కండ్లు మూసుకున్న, గంతే."

ఐలేశం ఆ చాప అచ్చు వైపు చూశాడు.

"నాకెరుకే బిడ్డా" అన్నాడు.

బయట దొడ్డిలో కండక్టర్ ఆ రోజు అడుగుల లక్ష్యాన్ని రెండోసారి చేరుకుంటోంది.